పేరమ్మ సూదుల డబ్బా

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పేరమ్మ అనే ఏదుపంది. ఒళ్లంతా ముళ్లే గానీ మనసు వెన్న. చలికాలం వచ్చిందంటే అడవిలో పిల్లలందరికీ బొంతలు కుట్టేది ఆవిడే. ఆ కుట్టు చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుందర్రా.

అయితే ఆవిడకో అలవాటు ఉంది. కుట్టడం అయ్యాక సూదుల్ని వీపు మీద ముళ్ల మధ్యే గుచ్చుకునేది. "నా ఒళ్లే నాకు సూదుల పెట్టె" అని మురిసిపోయేది. ఇక కత్తెర, దారం అంటారా, ఎక్కడ పడితే అక్కడే.

పక్క చెట్టు మీద కాకి గవరయ్య ఉండేవాడు. ఊళ్లో జనం పారేసినవన్నీ ఏరుకొచ్చే రకం. ఒకరోజు ఖాళీ పౌడరు డబ్బా, కాఫీపొడి డబ్బా, ఓ రేకు డబ్బా, కొబ్బరి చిప్పలు తెచ్చి ఆవిడ గుమ్మంలో పెట్టాడు.

"వదినా, నీ సామాను వీటిలో సర్దుకోరాదూ?" అన్నాడు.

"ఎవరో వాడి పారేసినవి నా ఇంట్లోకా? చాల్లే నీ సంబడం" అని పేరమ్మ మూతి తిప్పుకుంది.

గవరయ్య వాటిని అక్కడే వదిలి ఎగిరిపోయాడు.

ఇంతలో కుందేలు సీతాలు పిల్లల్ని పెట్టింది. "సాయంత్రానికి బొంత కావాలి పిన్నీ, పిల్లలు చలికి వణుకుతున్నారు" అని కబురు పంపింది.

పేరమ్మ వెంటనే పనికి కూర్చుంది. కత్తెర కనబడలేదు. గుడ్డను పళ్లతోనే కొరికింది. దారం ఉండ దొర్లిపోయి చిక్కుపడింది. చిక్కు తీసేసరికి మధ్యాహ్నం దాటింది. సూది కోసం వీపు తడిమితే చేతికి ముల్లొచ్చింది. మళ్లీ తడిమితే మళ్లీ ముల్లే. ఎట్టకేలకు సూది దొరికింది. ఆదరాబాదరాగా కుట్టేసి, బొంత సీతాలుకిచ్చి ఇంటికొచ్చి పడింది.

కాళ్లు చాపుకుంటుంటే అనుమానం వచ్చింది. "ఇంతకీ ఆ సూదిని వీపున గుచ్చానా?" తడిమింది. ముల్లు, పక్కన ముల్లు, దాని పక్కన ఇంకో ముల్లు. సూది ఈ ముళ్లలో ఉందో, బొంతలోనే ఉండిపోయిందో తెలియడం లేదు. బొంత మీద పడుకోబోయేది పసికందులు. 

ఒకటే పరుగు. అక్కడ సీతాలు మొదటి పిల్లను బొంత మీద పడుకోబెట్టబోతోంది.

"ఆగవే తల్లీ, పిల్లను దించకు" అంటూ పేరమ్మ బొంత లాక్కుని అంచులన్నీ తడిమింది. ఓ మూల కుట్టులో సూది మొన తగిలింది. దాన్ని లాగి పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చేసింది.

"ఏం కాలేదు కదా పిన్నీ, ఊరుకో" అంది సీతాలు.

"కాకపోవడం నా గొప్పా? నీ పిల్లల అదృష్టం" అంది పేరమ్మ.

తెల్లారేసరికి ఆవిడ వాగు ఒడ్డున కూర్చుని గవరయ్య తెచ్చిన డబ్బాలు తోముతోంది. పౌడరు డబ్బాలో దూది కుక్కి, పైన గుడ్డ బిగించి సూదులు గుచ్చింది. కాఫీపొడి డబ్బా మూతకు చిల్లు పెట్టింది. దారం ఉండ లోపలుంచి, కొసను చిల్లులోంచి బయటికి లాగింది. ఇక చిక్కెక్కడిది? రేకు డబ్బా అంచును రాయితో నూరి నునుపు చేసి అందులో కత్తెర పెట్టింది. కొబ్బరి చిప్పల్లో గుండీలు పోసింది. చూడ్డానికొచ్చిన ఉడుతలు "మాకూ చేసిపెట్టవూ" అని వెంటపడ్డాయి.

"ఎవరో వాడి పారేసినవి కదా వదినా?" అన్నాడు గవరయ్య కొమ్మ మీంచి.

"తోమాక నావే. మాటలాపి ఇంకో నాలుగు పట్రా" అంది పేరమ్మ, నవ్వాపుకుంటూ.

ఆ సాయంత్రానికి ఇంకో బొంత పూర్తయింది. పేరమ్మ డబ్బా వైపు చూసింది. ఒక సూది చోటు ఖాళీగా ఉంది. "సూది దొరికేదాకా బొంత గడప దాటదు" అంది. ఉడుతలతో సహా అందరూ బొంతంతా తడిమారు. ఇల్లంతా వెతికారు. చివరికి గవరయ్య దిగొచ్చి, ఆవిడ వీపు మీంచి ముక్కుతో సూది లాగాడు.

"పాత పెట్టెలో ఉంది వదినా" అన్నాడు.

అందరికంటే ముందు పేరమ్మే పడీపడీ నవ్వింది. సూదిని డబ్బాలో దాని చోట గుచ్చింది. అప్పుడే బొంతను గడప దాటనిచ్చింది.

నీతి: పని ఎంత బాగా వచ్చినా పనిముట్టుకో చోటుండాలి, ఆ చోటు మనం వద్దని పారేసే డబ్బాలోనే దొరకొచ్చు.