సూదమ్మ ఫస్టు ర్యాంకు

అనగనగా ఒక అడవిలో ఒక కాలేజీ ఉండేది. అడవిలో కాలేజీ ఏమిటని నవ్వకండి, అక్కడ సిగ్నల్ మన ఇంట్లో కంటే బాగా వస్తుంది. ఆ కాలేజీలో గుడ్లగూబ మాస్టారు ఇంటర్నెట్ పాఠం చెప్పేవారు. క్లాసుకి ఎవరైనా ఫోన్ తెస్తే మాత్రం గోడకుర్చీ వేయించేవారు! బోర్డు మీద ఫోన్ బొమ్మ గీసి, భాగాలు గుర్తించమనేవారు.

"మెసేజ్ వస్తే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు పంపారు? నిజమని ఎలా తెలుసు? ఇందులో ఎవరికి లాభం? ఇది చాలా ఇంపార్టెంట్, పరీక్షలో తప్పకుండా వస్తుంది" అన్నారు ఒకరోజు.

సూదమ్మ అనే ముళ్లపంది ఆ మూడూ బట్టీ పట్టేసింది. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేది. కాలేజీ ఫస్టు వచ్చింది. మెడలో దండతో అడవంతా తిరిగింది. దండ వాడిపోయినా తీయలేదు.

ఎండాకాలం వచ్చింది. సూదమ్మ ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. "వీపు మీద ముళ్లు పీకేసుకుంటే ఒళ్లు చల్లబడుతుంది."

"అబ్బ, ఎంత మంచి మాట!" అని సూదమ్మ పీకేసుకుంది. తెలిసినవాళ్లందరికీ పంపింది కూడా.

మర్నాడు ఇంకోటి వచ్చింది. "పక్కల ముళ్లు కూడా." అవీ పీకేసింది.

మూడో రోజు ఇంకోటి. "తోక ముళ్లు కూడా పీకేసి, పెద్ద బండ దగ్గరికి ఒంటరిగా రండి. కూలర్ ఉచితం!"

తోక అందలేదు. పక్కింటి తాబేలును సాయం పిలిచింది.

"ఇది ఎవరు పంపారే?" అంది తాబేలు.

"ఎవరు పంపారు అనేది మొదటి ప్రశ్న. ఐదు మార్కులు."

"మార్కులు కాదే తల్లీ! ఈ మెసేజ్ ఎవరు పంపారు?"

"ఈ మెసేజ్ సిలబస్‌లో లేదుగా!"

"అయితే నేను పీకను పో" అని తాబేలు తల లోపలికి లాక్కుంది.

ఇక చేసేది లేక సూదమ్మ ఫోన్ వైపు సరిగ్గా చూసింది. ఎవరు పంపారు? నంబరు పక్కన ఫొటోలో పసుపు ఒళ్లు, నల్ల మచ్చలు. నిజమని ఎలా తెలుసు? ఒళ్లు చల్లబడలేదు సరికదా, వీపు మండిపోతోంది. ఎవరికి లాభం? ముళ్లు లేని ముళ్లపందిని తినేవాళ్లకి!

అంతలో పొద కదిలింది. చిరుతపులి బయటికి వచ్చింది.

"కూలర్ తీసుకోవడానికి రాలేదేమ్మా?"

సూదమ్మ గిరుక్కున తిరిగి తోకతో ఒక్కటిచ్చింది. చిరుత ముక్కు నిండా ముళ్లే!

"అమ్మో! మాస్టారి ఇంటర్నెట్ పరీక్ష మూడుసార్లు తప్పినదాన్ని నేను. ఫస్టు వచ్చినవాళ్లు ఏమీ అడగరని తెలిసే నీకు పంపాను. ఇవాళ ఎందుకు అడిగావే?" అని ఏడుస్తూ పారిపోయింది.

సూదమ్మ దండ తీసి పట్టుకుని మాస్టారి చెట్టు దగ్గరికి వెళ్లింది.

"ఈ ర్యాంకు నాకొద్దు మాస్టారూ."

మాస్టారు తొర్రలోంచి సిగ్గుపడుతూ బయటికి వచ్చారు. ఒంటి మీద ఒక్క ఈక లేదు.

"నాకు ముళ్లు లేవు కదమ్మా, అందుకే ఈకలు పీకేసుకున్నాను. ఫస్టు ర్యాంకు పిల్ల పంపింది, నిజమే అయ్యుంటుందనుకున్నాను" అన్నారు.

నీతి: నేర్చుకున్న ప్రశ్న పరీక్షలో రాస్తే మార్కులే వస్తాయి. ఫోన్ చేతిలో ఉన్నప్పుడు వేసుకుంటేనే ఒళ్లు దక్కుతుంది, మనదీ, మనల్ని నమ్మినవాళ్లదీ.