కూతురి పెళ్ళికి దయ్యం కట్టిన చీర

అనగనగా ఒక ఊళ్ళో... ఆ ఊరి పేరు అడక్కండి, మా అమ్మమ్మ నాకు చెప్పలేదు. ఆ ఊళ్ళో వరహాలు అని ఒక కోడలు ఉండేదిట. ఊళ్ళో ఆడవాళ్ళకి రవికలు కుట్టేది. మిషను కాదు కిట్టూ, అప్పుడు మిషన్లెక్కడివి? సూదీ దారమే.

వరహాలుకి ఒక అత్త. చేతికి ఎముక లేని మనిషి కాదు, చెయ్యే తెరవని మనిషి. గుడ్డ పీలిక నేలమీద పడితే ఏరి మూట కట్టేది. దారం మూరెడు ఎక్కువ తెంపితే, ఏమే, మీ పుట్టింటివాళ్ళు పంపించారా అనేది. వరహాలు నవ్వి ఊరుకునేది. నోటితో తెంపాల్సింది దారాన్ని, మాటని కాదు అనుకునేదిట.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం. ఎండకి కాకి కూడా అరవడం లేదు. అత్త గుర్రుపెడుతోంది. వరహాలు అరుగు మీద కూచుని చేతికుట్టు కుడుతోంది. ఎవరో వచ్చి నిలబడ్డారు.

అమ్మాయ్, నాకు బట్టలు కుట్టాలి, అన్నారు.

వరహాలు తల ఎత్తలేదు. కుట్టుపనివాళ్ళు ఎవరినైనా ముందు అడిగేది ఒక్కటే కదా. కొలతకి పాత రవిక. దాన్నే ఆది అంటారు.

"ఆది తెచ్చావా?" అంది.

"ఆది లేదు."

"పోనీ, గుడ్డ?"

"గుడ్డా లేదు."

"మరేముందమ్మా నీకు?"

"కూతురుంది."

అప్పుడు తలెత్తబోయి ముందు కాళ్ళు చూసింది. మడమలు ఇటు, వేళ్ళు అటు. సూది వేలికి దిగింది.

ఊ కొడుతున్నారా? చిన్నీ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఈ దయ్యం ఎవరినీ ఏమీ చెయ్యదు.

వరహాలు అరవబోయింది. అరిస్తే అత్త లేస్తుంది. దయ్యం కన్నా అత్త లేస్తేనే ఎక్కువ గొడవ. అందుకని మింగేసుకుని, ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు అని అడిగింది.

ఆవిడ పేరు రావులమ్మట. ఈ ఊరేట. చివరింటి సూరయ్య పెళ్ళామట. పిల్ల పాలు మరవకముందే జ్వరమొచ్చి పోయింది. పోయిందన్నమాటేగానీ ఎక్కడికీ పోలేదు, ఈతతోపులోనే ఉండిపోయింది. రోజూ దూరంనించి పిల్లని చూసుకునేది. ఇప్పుడా పిల్ల బంగారికి పెళ్ళి కుదిరింది. పందిట్లో నిలబడి నాలుగు అక్షింతలు వెయ్యాలి. అంతే, ఇంకేం వద్దు.

"నాకు మనిషి వేషం కుట్టిపెట్టు తల్లీ. ఎవరూ పోల్చకూడదు. మగపెళ్ళివారికి తెలిసిందనుకో, దయ్యం పట్టిన ఇంటి సంబంధమని పీటల మీంచి లేచిపోతారు. నా వల్ల దాని పెళ్ళి ఆగితే నేను మళ్ళీ చచ్చినట్టే."

ఇక మనం కూడా దయ్యం అనకూడదు. పేరు తెలిసింది కదా.

కుట్టిపెట్టాలనే అనుకుంది వరహాలు. కానీ ఇంట్లో పీలికలన్నీ అత్త లెక్క. నువ్వు గుడ్డ తెచ్చుకో అక్కా, కుట్టే పూచీ నాది, అంది.

రావులమ్మ బయల్దేరింది. కోతకొచ్చిన చేను. చేలో దిష్టిబొమ్మ.

దిష్టిబొమ్మా దిష్టిబొమ్మా, నీ చొక్కా ఇస్తావా అని అడిగింది. ఇస్తే పిట్టల్ని ఎవరు తోలతారంది బొమ్మ. నేను తోలతానంది. కోతలయ్యేదాకా నిలబడింది. ఆ చేలోకే కాదు, పక్క చేలోకి కూడా పిట్ట దిగలేదు.

చొక్కా పట్టుకుని వెళ్తుంటే ముల్లుకంప. కంపకి తగులుకుని పంచె ముక్క. ముల్లుకంపా ముల్లుకంపా, నీ పంచె ఇస్తావా? ఇస్తే నన్ను నరకడానికొచ్చే గొడ్డలిని ఎవరు ఆపుతారు? నేను ఆపుతాను. గొడ్డలి పట్టుకొచ్చినవాడి చెవిలో ఒక్క మాట అంది. ఏమందో మనకి తెలీదు. వాడు గొడ్డలి అక్కడే వదిలి ఇంటికి పోయి తలుపేసుకున్నాడు.

చొక్కా పట్టుకుని, పంచె పట్టుకుని వెళ్తుంటే ఏటిలో పడవ. పడవా పడవా, నీ చిరిగిన తెరచాప ఇస్తావా? ఇస్తే నన్ను ఎవరు నడుపుతారు? నేను ఊదుతాను. ఉఫ్ మని ఊదింది. పడవ గట్టు దాటి బురదలోకెక్కి కూచుంది. చాలమ్మా చాలు, తీసుకుపో, అందిట పడవ.

చొక్కా, పంచె, తెరచాప. మూడూ తెచ్చి వరహాలు ముందు పడేసింది.

మూడూ మూడు రంగులు. ఎవరు చూసినా అతుకుల బొంత అంటారు. వరహాలు ఏం చేసిందో తెలుసా? పెద్ద కుండలో పసుపు కలిపి అన్నీ ముంచింది. తెరచాప అంచుల్ని మళ్ళీ సున్నపు తేటలో ముంచింది. పసుపుకి సున్నం తగిలితే ఎర్రగా తిరుగుతుంది. పసుపు చీరకి ఎర్ర అంచు. వంటింట్లోనే దొరికే రంగు. రావులమ్మ ముత్తైదువుగానే పోయింది కాబట్టి పసుపు ఆవిడదే కదా.

దిష్టిబొమ్మ చొక్కా పమిటయింది. ముల్లుకంప పంచె కుచ్చిళ్ళయింది. పడవ తెరచాప అంచయింది. కుట్టు పైకి కనబడకుండా లోపల్నించి అతికింది. చీర అయింది.

చీర సరే, రవికో? కొలుద్దామని భుజం మీద దారం పెట్టింది. దారం నిలవకుండా జారి కిందికి పడిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. ఆది లేకుండా ఎలా?

ఇంతలో వాకిట్లో చప్పుడు. రావులమ్మ ఎగిరి అటకెక్కింది. వచ్చింది ఎవరనుకున్నారు? బంగారి. పెళ్ళి రవిక గుడ్డ తెచ్చింది. దాంతోపాటు, మడతలు పోయిన పాత రవికొకటి.

"ఆదికి ఇది పెట్టుకో వదినా. మా అమ్మది. పెట్టెలో ఉంటే వేసుకు చూశాను. నాకు అతికినట్టు సరిపోయింది."

వరహాలు ఆ పాత రవిక అందుకుంది. అటక మీంచి టప్ టప్ మని నీళ్ళు పడ్డాయి.

అత్త నిద్రలేచి, ఇల్లు కారుతోందే, వానాకాలం రాకుండానే కారుతోందే, నువ్వు కాలు పెట్టిన వేళ అని మొదలుపెట్టింది.

మిగిలిన ముక్క నేను ఉంచుకోనా అని బంగారిని అడిగింది వరహాలు. అయ్యో, దానికేముంది వదినా, ఉంచుకో, అంది ఆ పిల్ల. కత్తెర పట్టుకుంటే వరహాలు చెయ్యి బంగారం. కత్తిరించినచోట వృథా పోనివ్వలేదు. చంకల్లో ముక్కలు అతికింది. ఒక్క ఆదికి రెండు రవికలు తేల్చింది. కూతురికొకటి, తల్లికొకటి.

ఊ కొడుతున్నారా? కిట్టూ, నువ్వు నిద్రలో కొడుతున్నావు.

వరహాలు చీర కట్టి చూపించమంది. రావులమ్మ చీర కట్టుకుంది. కట్టుకుందో లేదో చీర గాలిపటంలా లేచింది. అంచు వెళ్ళి దూలానికి తగిలింది. బరువు లేని మనిషికి చీర ఎలా నిలుస్తుంది? సరిగ్గా అప్పుడే అత్త గదిలోకొచ్చింది. గాల్లో చీర.

"అదేమిటే?"

"ఆరేశానత్తా."

"దండెం ఏదే?"

"దండెం కొనిపెడతారా?"

కొనడం అనే మాట వినగానే అత్త వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

వరహాలు అంచు మడత విప్పింది. అందులో చింతపిక్కలు పోసి, ఒక్కో పిక్కకీ ఒక్కో గది చేసి కుట్టేసింది. చీర చుట్టూతా నేలకి దిగింది. మడమలు కప్పింది, వెనక వేళ్ళూ కప్పింది. నడిస్తే గలగలమంది. పట్టీలనుకుంటారులే, అంది.

ఇంకొక చిక్కుంది. చచ్చిపోయాక వయసు పెరగదు. రావులమ్మ పడుచుపిల్లలా ఉంది. పక్కన నిలబడితే బంగారికి అక్క అంటారు. ఎవరి పిల్లవే, ఎవరింటిదానివే అని ఆరా తీస్తారు. ముసలమ్మనైతే ఎవరు పట్టించుకుంటారు?

అందుకని నడుం చుట్టూ పీలికలు చుట్టి లావు చేసింది. జిల్లేడు దూది తెచ్చి చెవుల పక్కన తెల్ల వెంట్రుకల్లా అతికించింది. నెత్తిన కొంగు కప్పింది. నడుం కాస్త వంచమంది. రావులమ్మ వంగి, మూలిగి, అమ్మాయ్, మంచినీళ్ళు, అంది.

ఇద్దరూ నవ్వారు. చాలాసేపు నవ్వారు.

పెళ్ళిరోజు వచ్చింది. పందిట్లో ఒక మూల రావులమ్మ, పక్కన వరహాలు. ఎవరమ్మా ఈవిడ అంటే, మా పుట్టింటివైపు పెద్దమ్మ అని వరహాలు చెప్పింది. ఇంకెవరూ అడగలేదు. అందరూ వాళ్ళ వాళ్ళ చీరలు చూపించుకునే పనిలో ఉన్నారు.

సూరయ్య చెమటలు కక్కుకుంటూ అందరినీ పలకరిస్తున్నాడు. మూల దగ్గరికి వచ్చాడు. రావులమ్మ కొంగు ఇంకా కిందికి లాక్కుంది.

"భోంచేశావా పెద్దమ్మా? మొహమాటపడకు. పప్పు మళ్ళీ వేయించుకో," అన్నాడు, అటెటో చూస్తూ. వెళ్ళిపోయాడు.

"చూశావా వరహాలూ, బతికుండగానూ ఇంతే. మొహం చూసి మాట్లాడలేదు ఎప్పుడూ," అంది రావులమ్మ.

జీలకర్ర బెల్లం అయింది. మంగళసూత్రం అయింది. మేళం జోరందుకుంది. రావులమ్మ అక్షింతలు వేసింది. కూతురి తలమీదే పడ్డాయి. అన్నీ పడ్డాయి. ఇక వెళ్ళిపోదాం, చాలు, అంది.

వరహాలు అన్నీ ఆలోచించింది. ఒక్కటి ఆలోచించలేదు. ముసలమ్మ వేషం వేస్తే ఏమవుతుంది? చెప్పండి. ముసలమ్మకి పెళ్ళికూతురు కాళ్ళకి దణ్ణం పెడుతుంది.

పెళ్ళికొడుకు మేనత్త ఉంది. గొంతు పెద్దది, చూపు ఇంకా పెద్దది. బంగారి రెక్క పట్టుకుని, పెద్దవాళ్ళందరికీ పెట్టాలమ్మా, ఒక్కరినీ వదలకూడదు అని వరసగా తిప్పుకొస్తోంది. వరహాలు అక్షింతల పళ్ళెంతో అవతలి వైపు ఉండిపోయింది. పరుగెత్తబోయింది, జనం. ఎవరో పళ్ళెం లాక్కున్నారు.

రావులమ్మ వెనక్కి జరిగింది. వెనక పందిరి రాట. కదిలితే గలగల.

"ఇదిగో, ఈ పెద్దావిడకి పెట్టు," అంది మేనత్త.

బంగారి వంగింది. రెండు చేతులూ కుచ్చిళ్ళ కిందికి పోనిచ్చింది.

చేతికి మడమలు తగిలాయి. వేళ్ళుండాల్సిన చోట మడమలు.

చేతులు అక్కడే ఆగిపోయాయి. మేళం మోగుతూనే ఉంది. రావులమ్మ కళ్ళు మూసుకుంది. అయిపోయింది, పిల్ల కేక పెడుతుంది, పీటలు ఖాళీ అయిపోతాయి, అనుకుంది.

బంగారి తలెత్తి కొంగులోకి చూసింది. తల్లి మొహం ఆ పిల్లకి గుర్తు లేదు. చూసినప్పుడు ఊహ తెలిసిన వయసు కాదు. కానీ ఆ పొద్దున్నే బొట్టు పెట్టుకుంటూ అద్దంలో చూసిన మొహం అది. చెవుల పక్కన దూది, అంతే తేడా.

"ఏమే, అక్కడే ఉండిపోయావు? ఏమైంది?" మేనత్త వంగబోయింది.

"ఈవిడ కుచ్చిళ్ళు జారాయండీ, సర్దుతున్నాను," అంది బంగారి.

సర్దింది. మోకాళ్ళ మీద కూచుని ఒక్కో కుచ్చీ వేళ్ళతో పట్టి, సమానం చేసి, కిందికి లాగింది. మడమలు కనబడకుండా లాగింది. చుట్టూ తిరిగి వెనక అంచు కూడా దించింది. పట్టుచీర నేల తుడుస్తున్నా చూసుకోలేదు. పెళ్ళికూతురు ఎవరి కుచ్చిళ్ళో సర్దడమేమిటని ఎవరో నవ్వారు. మంచి పిల్ల, మనింటికి తగ్గ పిల్ల, అంది మేనత్త.

లేచే ముందు ఆ మడమల మీద రెండు చేతులూ ఒక్కసారి గట్టిగా అదిమింది. రావులమ్మ వంగి తలమీద చెయ్యి పెట్టింది. బరువు లేని చెయ్యి. అయినా బంగారి మెడ కొంచెం వంగిందిట.

మాట్లాడితే ఏడుపొస్తుంది. ఏడిస్తే కాటుక కారుతుంది. తర్వాత వరసలో పక్కింటి ముసలాయన ఉన్నాడు. ఆయనకీ దణ్ణం పెట్టింది.

బంగారి అత్తారింటికి వెళ్ళింది. చల్లగా కాపరం చేసుకుంది. సూరయ్య మనవల్ని ఎత్తుకున్నాడు. వరహాలు అత్త మాత్రం మారలేదు, వాళ్ళు మారరు. కానీ బంగారి కాపరానికి వెళుతూ, ఇంతమంచి రవిక ఎక్కడా చూడలేదని ఊరంతా వినేలా చెప్పి వెళ్ళింది. దాంతో కోడలు ఇంకో మూర దారం తెంపినా అత్త పుట్టింటి ఊసు తేలేదు.

ఒక్కమాట గుర్తుపెట్టుకోండి. ఎవరికి కుట్టినా లోపలి మడతలో రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదలండి, అవసరమైతే విప్పుకోవచ్చు. పిసినారితనం గుడ్డ కొనేటప్పుడు చూపించండి, మడత దగ్గర కాదు. మనిషి రేపు ఎలా ఉంటుందో మనకి తెలీదు.

ఏమిటి చిన్నీ? రావులమ్మ ఏమైందా? ఈతతోపులో ఉందా?

లేదమ్మా. ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు. కూతురి పెళ్ళి చేసి పంపించిన తల్లి ఏం చేస్తుంది? అలిసిపోయి ఉంటుంది కదా. పడుకుంది.

కథ కంచి దారి పట్టింది. మనం దుప్పట్లోకి. కళ్ళు మూసుకోండి.