కాఫీ పడని ఫలహారం

చింతలగట్టు రాజా నీలాద్రి భూపతిగారికి తగువంటే మహా సరదా. ఆ రోజు కొలువులో సర్వోత్తమరావు చేసిన వాదన విని తొడ చరిచారు.

"భలే! నమిలేది ఫలహారం, తాగేది కాఫీ. రెండూ వేరన్నమాట! ఇది తప్పని సర్వోత్తమరావు నోటితోనే అనిపించే మొనగాడు ఇక్కడ ఎవడైనా ఉన్నాడా?"

సర్వోత్తమరావు స్టేషను పక్కనున్న సంస్థానంవారి హోటలుకి మేనేజరు. పొద్దుటి ఫలహారం అర్ధరూపాయని బోర్డు పెట్టాడు. జనం ఇడ్లీ, ఉప్మా తిని, ముందు పెట్టిన కాఫీ తాగి లేవబోతే, "కాఫీకి ఇంకో అణా" అనేవాడు. నిన్న సన్నాయి వాయించే కోటిలింగం దగ్గర ఆ అణా లేకపోయింది. రావు అతని సన్నాయి లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎల్లుండి ఎవరిదో పెళ్లిలో వాయించాలని కోటిలింగం కొలువుకొచ్చి మొరపెట్టుకున్నాడు.

రాజుగారి చేతికి నీళ్లందించే గవరయ్యకి ఒళ్లు మండిపోయింది. ఊదేవాడి దగ్గర ఊదేది లాక్కుంటే వాడు గాలి తిని బతకాలా? అదీ వాడు అడక్కుండానే తెచ్చిపెట్టిన కాఫీకా?

"నేను అనిపిస్తాను మహారాజా!" అన్నాడు ముందుకొచ్చి.

"రేపు పొద్దున్నకల్లా అనిపించాలి. లేదా సన్నాయి హోటలుదే."

రావు పకపకా నవ్వాడు. "చేతులు కడిగించేవాడివి, నీకు వాదన కూడా వచ్చునటయ్యా?"

"రాదండి. నాకు తెలిసింది వడ్డన ఒక్కటే."

రాజుగారు ఫలహారం చేస్తుండగా పిలవనివాడు తెర దాటకూడదు. అది ఆ కోటలో కట్టడి. కిందటేడు ఒక ఠాణేదారు ఇడ్లీ మధ్యలో జొరబడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే సర్వోత్తమరావు, బజారులో రెండో హోటలు పెట్టుకోవడానికి అనుమతి కాగితం పట్టుకుని తెర బయట నిలబడ్డాడు. గవరయ్య లోపల్నించి వచ్చాడు.

"రావుగారూ, ఏలినవారి ఫలహారం అయిపోయింది. దయచెయ్యండి."

రావు అడుగు వెయ్యబోయి ఆగాడు. "కాఫీ పుచ్చుకున్నారా?"

"ఇంకా లేదండి. డికాషను దిగుతోంది."

"మరి అయిపోయిందంటావేం?"

"ఇడ్లీ అయింది, గారె అయింది, చెయ్యి కూడా కడిగించాను. ఇంకేం మిగిలిందండీ? పదండి, పదండి!" అంటూ గవరయ్య ఆయన రెక్క పట్టుకుని తెరవైపు లాగాడు.

రావు రెండు కాళ్లూ నేలకి తన్నిపెట్టాడు. "వదులు! నా కొంప ముంచుతావా? కాఫీ పడకుండా ఫలహారం అయిందని ఎక్కడైనా అంటారటయ్యా, బుద్ధిలేనివాడా!" అని గావుకేక పెట్టాడు.

గవరయ్య తెర తాడు లాగాడు. లోపల రాజుగారు, ఆయన వెనక ఆయనే పిలిపించిన కొలువు కొలువంతా చెవులు నిక్కబొడుచుకుని కూర్చునుంది.

"చూశారా మహారాజా! నేను అయిపోయిందని మొత్తుకుంటున్నా, రావుగారు ఒప్పుకోవడం లేదు!"

రావు మొహం కందగడ్డ అయింది. "అది... ఏలినవారి సంగతి. హోటల్లో తినేవాళ్ల సంగతి వేరు."

"పోనీ, తమరు ఇవాళ హోటల్లోనే తిన్నారా?"

"తిన్నాను."

"కాఫీ కాకుండానే లేచొచ్చారా?"

"కాఫీ కాకుండా ఎలా లేస్తా..."

రావు గబుక్కున నోరు మూసుకున్నాడు. కొలువు గొల్లుమంది. రాజుగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, అప్పుడే వచ్చిన కాఫీని వెండి గ్లాసుతో సహా గవరయ్య చేతిలో పెట్టారు.

"తాగు. గ్లాసు కూడా నీదే. ఇవాళ్టినించీ ఆ అర్ధరూపాయిలోనే కాఫీ. రావుగారూ, ముందు వెళ్లి ఆ సన్నాయి తెచ్చి కోటిలింగానికి మీ చేత్తో ఇవ్వండి."

"చిత్తం. మరి నా కాగితం?"

"నా కాఫీ గవరయ్యకి ఇచ్చేశానుగా! నా ఫలహారం ఇంకా కాలేదు. బయట నిలబడండి."