బుడుంగయ్య తెప్ప, పోలమ్మ గులకరాళ్లు

మద్దిమాను అడవికీ బోడిమెట్ట సంతకీ నడుమ ఉన్నది ఒకే ఒక్క వాగు. ఆ వాగు మీద ఉన్నది ఒకే ఒక్క దుంగ వంతెన. మొన్నటి వరదకి అది కాస్తా కొట్టుకుపోయింది. ఇంకేముంది, అడవి అడవంతా లబోదిబోమంది. లక్ష్మివారం సంతకి వెళ్లాలంటే ఎగువన ఎక్కడో ఉన్న రాళ్ల దారి పట్టుకుని పూటంతా చుట్టు తిరగాలి. రెండు వారాలు అలా తిరిగేసరికి కుందేళ్లకే కాళ్లు పట్టేశాయి.

మూడో వారం ఏనుగు పెద్దయ్య అందరినీ పిలిచాడు. ఇక్కడే రేవు పెడదాం, తెప్ప మీద దాటించినవాళ్లకి తలా పిడికెడు గింజలో దుంపలో ఇద్దాం, ఎవరు బాగా నడిపితే ఏడాది పాటు రేవు వాళ్లదే అన్నాడు.

ఆ మాట ఇంకా ఆయన నోట్లోనే ఉంది, వాగులోంచి బుడుంగుమని పైకి లేచాడు బుడుంగయ్య. జాతికి నీటికుక్క. ఈతలో అతన్ని కొట్టేవాడు ఆ వాగు మొత్తం మీద లేడు, ఆ సంగతి అందరికన్నా అతనికే బాగా తెలుసు. ఒడ్డున ఇసక బొరియలో పెళ్లాం, ముగ్గురు పిల్లలు. రేవు గనక చేతికొస్తే చలికాలం పొద్దున్నే వణుక్కుంటూ చేపల కోసం మునగనక్కర్లేదు. ఆ ఊహకే అతని ఒళ్లు పులకరించిపోయింది. అక్కడికక్కడే నీళ్లలో మూడు పల్టీలు కొట్టి చూపించాడు. పిల్లజంతువులన్నీ ఈలలు వేశాయి.

"నేనూ నడుపుతాను" అంది వెనకనుంచి ఒక గొంతు, తీరిగ్గా.

చూస్తే గేదె పోలమ్మ. నెమరు వేస్తూ నిలబడి ఉంది. అడవంతా పగలబడి నవ్వింది. పోలమ్మ వాగులో దిగితే సాయంత్రం దాకా లేవదు, ఈమె జనాన్ని దాటించేదెప్పుడు? పైగా వంతెన పోయిన రోజు నుంచీ ఈవిడ చేసిందల్లా సంతకి వెళ్లి ఒక మూల నిలబడి వచ్చేపోయేవాళ్లని చూడటమే. పెద్దయ్య మాత్రం నవ్వలేదు. ఈ వారం బుడుంగయ్య, పైవారం పోలమ్మ, తర్వాత తీర్పు అని తేల్చేశాడు.

అంతా లేచి వెళ్లిపోతుంటే గుంటన్న మెల్లగా బుడుంగయ్య పక్కన చేరాడు. నక్క. బుడుంగయ్య బొరియ ఉన్న ఆ చల్లటి ఇసక ఒడ్డు మీద అతనికి ఎన్నాళ్లనుంచో కన్ను.

"బావా, నీ ఈత గురించి చెప్పేదేముంది గానీ, పొద్దు గూకితే అవతలి ఒడ్డుకి చిరుత నీళ్లకొస్తుంది. ఒక్కరు అక్కడ ఉండిపోయినా నీ పరువేం కాను?"

"ఒక్కరా? పొద్దు గూకేసరికి ఒక్క ప్రాణి అవతల మిగిలినా నా బొరియతో సహా ఈ ఒడ్డు నీది బావా. అందరి ముందూ చెబుతున్నా."

అందరూ విన్నారు. బొరియలోంచి తల బయటపెట్టిన పెళ్లాం కూడా వింది. ఆవిడ మొహం చూశాక గానీ బుడుంగయ్యకి తానేం అన్నాడో తెలిసిరాలేదు. అయినా ఏం భయం, ఈత తనది, వాగు తనది అని సర్దిచెప్పుకున్నాడు.

లక్ష్మివారం తెల్లారింది. అబ్బో, ఆ హడావుడి ఏం చెప్పమంటారు. అరటిబోదెలు నాలుగు కలిపి కట్టిన తెప్ప, దానికి బంతిపూల దండ, ఎక్కేచోట మామిడాకులు. మొదట ముళ్లపంది వచ్చింది, కాసేపాగి ఉడత జంట, ఆ తర్వాత మేక, ఆపైన కోడిపెట్టలు, ఎలుగుబంటి. ఒకరి తర్వాత ఒకరు, వట్టి చేతులతో, ఖాళీ సంచులతో. బుడుంగయ్య తెప్పని ముక్కుతో తోస్తాడు, తోకతో తోస్తాడు, మధ్యలో కిందనుంచి దూరి అవతలవైపు తేలి దండం పెడతాడు. కోడిపెట్టలు కిలకిల నవ్వాయి. ఇరవై ముగ్గుర్ని దాటించేసరికి పొద్దు నడినెత్తికి కూడా రాలేదు. ఆఖర్న ఎక్కినవాడు గుంటన్న.

ఇవతల మద్దిచెట్టు కింద పోలమ్మ మాత్రం, తెప్ప మీద ఒకరు వెళ్లినప్పుడల్లా ఒక గులకరాయి తెచ్చి కుప్పలో పెడుతోంది. బుడుంగయ్యకి నవ్వాగలేదు.

"ఏంటత్తా, ఈ వయసులో గచ్చకాయలాటా?"

"ఆటే అనుకో అల్లుడూ. సాయంత్రానికి ఏం చేస్తావు?"

"ఎలా తీసుకెళ్లానో అలాగే తీసుకొస్తాను. ఇందులో అనుకోవడానికేముంది?"

పోలమ్మ ఇంకేదో అనబోయింది. అప్పటికే అతను పిల్లలకి కొత్త పల్టీ చూపించడానికి మడుగులో దూకేశాడు. మధ్యాహ్నమంతా అదే పని. చప్పట్లు కొడుతున్న కొద్దీ ఊపొచ్చింది, ఊపొచ్చిన కొద్దీ ఒంట్లో ఓపిక కరిగిపోయింది.

బారెడు పొద్దుండగా సంత ముగిసింది. బుడుంగయ్య హుషారుగా తెప్ప తోసుకుంటూ అవతలి ఒడ్డుకి చేరి తలెత్తి చూశాడు. ఇరవై ముగ్గురూ ఒక్కసారే వచ్చేశారు. పొద్దున వట్టి చేతులతో వచ్చిన ముళ్లపంది వీపున చిలగడదుంపల బస్తా. మేక నెత్తిన పచ్చిగడ్డి మోపు. ఎలుగుబంటి చంకలో తేనెకుండ. ఉడతలు సైతం వేరుశనగ మూట ఈడ్చుకొస్తున్నాయి. ముందు నేనంటే ముందు నేనని అందరూ ఒకేసారి తెప్ప మీద పడ్డారు.

తెప్ప ఒక పక్కకి ఒరిగింది. గడ్డిమోపు తేలుతూ పోయింది, తేనెకుండ బుడబుడమంటూ మునిగింది, కోడిపెట్టలు రెక్కలు తడిసి కెవ్వుమన్నాయి. బుడుంగయ్య మునిగి మునిగి అందరినీ ఒడ్డుకి లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇక లాభం లేదని ఇద్దరిద్దర్ని ఎక్కించాడు. బరువుకి తెప్ప సగం నీళ్లలోనే ఉంది, తోస్తుంటే కదలదు. ఇప్పుడు పల్టీలూ లేవు, దండాలూ లేవు. నాలుగు విడతలయ్యేసరికి కాళ్లు తేలిపోయాయి. అవతల ఇంకా పదిహేను మంది. పొద్దు చూస్తే కొండకి ఆనుకోబోతోంది.

అవతల బండ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న గుంటన్న ఎంతో ప్రేమగా పలకరించాడు. పిల్లల్ని ఎప్పుడు ఖాళీ చేయిస్తావు బావా, రేపు ఇసక వేడెక్కకముందే చేరిపోదామని చూస్తున్నాను అన్నాడు. బుడుంగయ్యకి ఏడుపొచ్చింది. ఇవతల ఒడ్డున పిల్లలు ముగ్గురూ తల్లిని పట్టుకుని తనకేసే చూస్తున్నారు.

అప్పుడు వినిపించింది పోలమ్మ గొంతు, అదే తీరికతో.

"ఇటు రా అల్లుడూ. ఈ తాడు కొస పట్టుకో."

రెల్లుపొదల చాటునుంచి ఆవిడ మరో రెండు తెప్పలు లాగింది. చేంతాడంత లావు నారతాడు చుట్టలు చుట్టి ఉంది. బుడుంగయ్య నోరు తెరిచాడు. ఇవన్నీ ఎప్పటివి, ఎవరికోసం అని అడిగాడు.

"వంతెన పోయినప్పటినుంచీ పేనుతున్నా. రెండు సంతలు నిలబడి చూశాను. పోయేటప్పుడు ఒక్కొక్కరే పోతారు, వచ్చేటప్పుడు బస్తాలతో ఒక్కసారే వస్తారు. ఇది పైవారానికని దాచుకున్నాను."

"మరి నాకెందుకు ఇస్తున్నావు? నేను ఓడిపోతే రేవు నీదేగా."

"ఈవేళ నీ తెప్ప మునిగితే పైవారం నా తెప్ప మీద మాత్రం ఎవరు కాలు పెడతారు? మాటలు తర్వాత. నీ తెప్పతో కలిపి మూడూ వరసగా కడదాం. సామాను ఒకదాని మీద, జనం రెండింటి మీద. నువ్వు వట్టి తెప్పలు తీసుకెళ్లు చాలు, బరువు నేను లాగుతాను."

బుడుంగయ్యకి ఎక్కడలేని బలం వచ్చింది. తాడు పళ్లతో కరిచి దూసుకుపోయాడు. వట్టి తెప్పలు కాబట్టి చిటికెలో అవతల తేలాడు. ఏడుగురు ఎక్కారు, బస్తాలు వెనక తెప్ప మీద పడ్డాయి. ఇవతల పోలమ్మ తాడు రెండో కొస మెడకి తగిలించుకుని, మోటలాగే ఎద్దులాగా గట్టుకేసి నడక మొదలుపెట్టింది. అడుగు తర్వాత అడుగు. తెప్పలు మూడూ గునగున వచ్చి ఒడ్డుకి తగిలాయి. మళ్లీ వెళ్లాడు, మళ్లీ ఏడుగురు. ఒడ్డంతా కేరింతలు, కౌగిలింతలు. కొండ మీద పొద్దు ఇంకా ఎర్రగా కనిపిస్తూనే ఉంది. గెలిచాం అని బుడుంగయ్య ఇసకలో వెల్లకిలా పడిపోయాడు.

"లే అల్లుడూ" అంది పోలమ్మ. తిరిగొచ్చినవాళ్లకి ఒక్కొక్కటిగా ఆవిడ పొద్దుటి గులకరాళ్లు వాగులోకి తోసేస్తూ వచ్చింది. మద్దిచెట్టు కింద ఇంకా ఒక రాయి మిగిలి ఉంది.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గుంటన్న లేడు. అవతల బండ ఖాళీ. దాని పక్క రెల్లుపొదలో మాత్రం తోక కొస ఒకటి ఆడుతోంది. పొద్దు గూకగానే బయటికొచ్చి, నేను మిగిలిపోయాను, నన్ను దాటించండి అని కేకేయడం అతని ఎత్తు. బుడుంగయ్య నీళ్లలోకి దూకబోతుంటే పోలమ్మ తలతో అడ్డుకుంది. గొంతు పెంచి, అవతలి ఒడ్డుకి వినపడేలా పెద్దయ్యతో అంది:

"అందరూ వచ్చేశారయ్యా. తెప్పలు విప్పేసి గట్టెక్కిస్తున్నాను. ఇక రేపు పొద్దున దాకా ఎవరూ దాటేది లేదు. చిరుత వచ్చే వేళయింది, పిల్లల్ని లోపలికి తీసుకెళ్లండి."

అనడమే కాదు, నిజంగానే ఒక తెప్ప ముడి విప్పింది.

రెల్లుపొద గలగలమంది. గుంటన్న ఒక్క ఉరుకున బయటపడ్డాడు. ఆగండి, నేనున్నాను, నేనున్నాను అంటూ తెప్ప కోసం కూడా ఆగకుండా నీళ్లలోకి దిగిపోయి, నడి వాగులో ఊపిరాడక కొట్టుకోసాగాడు. బుడుంగయ్య సూటిగా వెళ్లాడు. బావగారి మెడ పట్టుకుని ఇవతలకి లాక్కొచ్చి ఇసకలో పడేశాడు. ఎర్రటి పొద్దు అంచు అప్పుడు కొండ వెనక్కి దిగింది.

"ఇరవై మూడు" అంది పోలమ్మ, ఆఖరి రాయి వాగులోకి తోస్తూ.

అడవంతా గొల్లున నవ్వింది. తడిసిన తోక కాళ్ల మధ్య ఇరికించుకుని గుంటన్న ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. ఏనుగు పెద్దయ్య తీర్పు చెప్పబోతుంటే బుడుంగయ్యే ముందుకొచ్చి, రేవు పోలమ్మత్తదే, అడగడానికి నాకు మొహం లేదు అన్నాడు. అని, పిల్లల్ని తీసుకుని బొరియకేసి తిరిగాడు.

"ఎక్కడికి పోతున్నావు? పైవారం పొద్దున్నే రా. తెప్పలు అవతలికి చేర్చేది నువ్వేగా."

బుడుంగయ్య గిరుక్కున తిరిగాడు. "నన్ను ఎప్పుడు కలుపుకున్నావత్తా?"

"మొదటి రోజే. అంత బరువు లాగగలను గానీ అంత వేగంగా ఈదలేను, ఆ సంగతి నాకు తెలుసు. నా లెక్కలో నువ్వు మొదటినుంచీ ఉన్నావురా అల్లుడూ. నీ లెక్కలోనే నువ్వు తప్ప ఇంకెవరూ లేరు."

బుడుంగయ్య వంగి ఒక గులకరాయి ఏరి, పైవారం కోసం మద్దిచెట్టు కింద పెట్టాడు.

నీతి: నేర్పుతో మొదటి పూట చప్పట్లు వస్తాయి, సాయంత్రం దాకా ముందే ఆలోచించి పెట్టుకున్నవాళ్లకే వ్యాపారం నిలుస్తుంది.