చుక్కమ్మ విప్పిన కంబళి

అనగనగా, మనుషులకన్నా గొర్రెలే ఎక్కువగా ఉన్న ఒక కొండరాజ్యం. దాని పేరు చలికోన. పేరుకు తగ్గట్టే అక్కడికి ఎండ కూడా చుట్టపుచూపుగా వచ్చి పోయేది.

చలికోనలో కోట కింది పేటలో చుక్కమ్మ అనే ఇల్లాలు ఉండేది. పొద్దున లేచి పాలు పితికి, ఇల్లు అలికి, వంట చేసి, మగనికి పెట్టి, తాను తిని, గిన్నెలు తోమి బోర్లించేదాకా ఆమె అందరిలాంటి ఇల్లాలే. ఆ తర్వాత మాత్రం ఆమెను కదిలించడం ఎవరి తరమూ అయ్యేది కాదు. అరుగు మీద కాళ్లు చాపుకుని కూచుని, కొప్పులోంచి కొస వంచిన వెదురు సూది ఒకటి తీసేది. ఒక ముడిలోంచి దారం లాగేది. ఆ దారంలోంచి ఇంకో ముడి లాగేది. అలా లాగి లాగి పొద్దు వాలేసరికి ఒడినిండా రంగులు పరిచేది.

రంగులద్దేవాళ్ల దగ్గర మిగిలిపోయిన ఉన్ని ముక్కలే ఆమె సరుకు. మోదుగపూల నారింజ, పసుపుకొమ్ముల పచ్చన, లక్క ఎరుపు, నీలిమందు నీలం, ఆకుపసరు రంగు. వాటిని ఏ రంగు పక్కన ఏది వేయాలో ఎవరూ నేర్పలేదు. చేతికి ఏది తోస్తే అది వేసేది. అదేమిటో, ఏది వేసినా బాగుండేది.

"ఇవన్నీ ఎవరికి అక్కా?" అని ఇరుగుపొరుగు అడిగేవాళ్లు.

"అల్లుతున్నంతసేపు నాకే. అయిపోయాక ఎవరికి చలేస్తే వాళ్లకి" అనేది చుక్కమ్మ.

ఒక్కటంటే ఒక్కటి కూడా అమ్మలేదు. పక్కింటి బాలింతకు ఒకటి, సత్రం కాపలా తాతకు ఒకటి, చలికాలంలో ఈనిన మేకకు ఒకటి. ఆమె మగడు మల్లన్న గొర్రెల కాపరి. "మన ఇంట్లో కాసేపు కదలకుండా నిలబడాలంటే భయంగా ఉందే. ఎటు నుంచి వచ్చి కంబళి కప్పేస్తావో" అని వేళాకోళమాడేవాడు. మాట అలా అన్నా, మందకు వెళ్లేటప్పుడు భుజాన తన కంబళి లేనిదే గడప దాటేవాడు కాదు.

వాళ్లకు ఒక్కగానొక్క కూతురు, గౌరాలు. పెళ్లయి చాలా ఏళ్లు గడిచాక ఆమెకు కడుపు పండింది. పురుటికి పుట్టింటికి వచ్చి, చక్కని ఆడపిల్లను కన్నది. ఆ కొండల్లో ఒక ఆచారం ఉంది. అమ్మమ్మ చేతి కంబళి పరచిన ఉయ్యాలలో పడుకోబెట్టాకే బిడ్డకు పేరు పెడతారు. కంబళి లేకపోతే పేరూ లేదు, బారసాలా లేదు.

మనవరాలి కోసం చుక్కమ్మ అల్లిన కంబళి ఎలా ఉందంటే, దారిన పోయేవాళ్లు ఆగి చూసి, వచ్చిన పని మరిచిపోయి వెనక్కి వెళ్లేవాళ్లు. దాన్ని ఉతికి ప్రహరీగోడ మీద ఆరేసింది. అక్కడి ఎండకు అది ఆరాలంటే నాలుగు రోజులు పడుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే చలికోన రాజు హేమాంగదుడికి కొడుకు పుట్టాడు. "రాకుమారుడి ఉయ్యాలకు అన్నిటికన్నా అందమైన కంబళి తెచ్చినవారికి మా కొలువులో ఆసనం ఇస్తాం" అని రాజు చాటింపు వేయించాడు.

ఆ చాటింపు విని పేటలోని పెద్ద వర్తకుడు వరహాలయ్యకు నిద్ర పట్టలేదు. కొలువులో కూచోవాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. మర్నాడే చుక్కమ్మ ఇంటికి వచ్చాడు.

"చుక్కమ్మా, ఆ గోడ మీదిది ఇచ్చెయ్యి. పట్టుచీర ఇస్తాను" అన్నాడు.

"అమ్మకానికి కాదు నాయనా. నా మనవరాలిది" అంది చుక్కమ్మ.

మరుసటి రోజు చూడి గేదెను తోలుకొచ్చాడు. చుక్కమ్మ గేదె నుదురు నిమిరి, దానికి కుడితి పెట్టి, ఇద్దరినీ సాగనంపింది.

ఆ పై రోజు ఆయన ఉత్తచేతులతో వచ్చాడు. "అసలు నీకేం కావాలో నువ్వే చెప్పు" అన్నాడు.

"నా మనవరాలికి చలి వేయకూడదు. అంతే."

వరహాలయ్యకు ఆ మాట మింగుడుపడలేదు. లోకంలో ప్రతి వస్తువుకీ ఒక ధర ఉంటుందని ఆయన నమ్మకం. ధర కుదరకపోతే ఏం చేయాలో కూడా ఆయనకు తెలుసు. తెల్లవారేసరికి గోడ మీద కంబళి లేదు.

గౌరాలు కళ్లనీళ్లు పెట్టుకుంది. బారసాల ఎల్లుండే. చుక్కమ్మకు మాత్రం ఏడవడానికి తీరికేదీ? కంబళి ఎక్కడికి వెళ్లి ఉంటుందో ఆమెకు చెప్పనక్కర్లేదు. కొప్పులో సూది సర్దుకుని, చీర చెంగు బిగించి, నేరుగా కోటకు నడిచింది.

అప్పటికే వరహాలయ్య కంబళిని రాజు ముందు పరిచి, మీసం సవరించుకుంటున్నాడు.

"మహారాజా, అది నా కంబళి. ఎల్లుండి నా మనవరాలి బారసాలకని అల్లింది" అంది చుక్కమ్మ.

"అబద్ధం మహారాజా. ఇది మా ఇంట్లో తయారైంది. మా మేనకోడలు కుందన అల్లింది" అన్నాడు వరహాలయ్య. పక్కన తలవంచుకుని నిలబడ్డ పిల్లే కుందన.

రాజు గడ్డం నిమురుకున్నాడు. "సరే, ఇందులో రంగులు వేటితో వేశారో చెప్పండి" అన్నాడు.

వరహాలయ్య ముందురోజే రంగులద్దేవాళ్ల దగ్గర అన్నీ వాకబు చేసి పెట్టుకున్నాడు. ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశాడు. చుక్కమ్మ చెప్పిందీ అదే.

"అయితే ఇద్దరూ మా ఎదుట అల్లి చూపించండి" అన్నాడు రాజు.

కుందనకు నిజంగానే అల్లిక వచ్చు. సూది తీసుకుని చిటికెలో ఒక పువ్వు అల్లింది. చుక్కమ్మ కూడా ఒక పువ్వు అల్లింది. చూడబోతే ఆ పిల్ల పువ్వే నాజూగ్గా ఉంది. "బాగా అల్లావమ్మా" అని చుక్కమ్మే మెచ్చుకుంది. కుందన ముఖం ఎందుకో చిన్నబోయింది.

రాజుకు ఏం చేయాలో తోచలేదు. అప్పుడు చుక్కమ్మ అంది: "మహారాజా, దాన్ని విప్పించండి."

కొలువంతా ఉలిక్కిపడింది.

"అయ్యయ్యో, ఇంత అందాన్ని పాడు చేస్తారా? వద్దు మహారాజా, కావాలంటే నా ప్రాణం తీయండి" అని వరహాలయ్య కంబళిని గుండెకు హత్తుకున్నాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. కొలువులో ఆసనం ఊడిపోతుంటే ఎవరికి మాత్రం తిరగవు?

అది చూసి మంత్రులు తలలూపారు. రాజుకు కూడా ఒక్కసారిగా అంతా అర్థమైపోయినట్టు అనిపించింది. చిన్నప్పుడు దాది చెప్పిన కథల్లో తీర్పులన్నీ ఇలాగే ఉండేవి. వస్తువుకు హాని జరుగుతుందంటే ఎవరు విలవిల్లాడతారో వాళ్లే అసలువాళ్లు. "వరహాలయ్యా, ఈ కంబళి..." అంటూ రాజు చెయ్యెత్తి తీర్పు చెప్పబోయాడు.

చుక్కమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఒక్క క్షణం ఆగండి" అంది ఉయ్యాల పక్కన కూచున్న రాణి. "చుక్కమ్మా, ఎల్లుండి నీ మనవరాలి బారసాల అంటున్నావు. విప్పేస్తే ఉయ్యాలలో ఏం పరుస్తావు? నీకు బాధగా లేదా?"

"ఎందుకుండదు తల్లీ, గుండె పిండేసినట్టుంది. కాని ఇది బిడ్డ కాదు, అల్లిక. బిడ్డకు హాని చేస్తే మళ్లీ తెచ్చుకోలేం. అల్లిక విప్పితే ఉన్ని ఎక్కడికీ పోదు, నా చేతులూ ఎక్కడికీ పోవు. తప్పు పడినప్పుడల్లా విప్పి మళ్లీ అల్లాను దీన్ని. అల్లినవాళ్లకు విప్పడమంటే భయముండదమ్మా" అంది చుక్కమ్మ.

రాణి రాజుకేసి చూసింది. రాజు చెయ్యి దించాడు. "సరే, విప్పండి. ముందు ఆ పిల్ల" అన్నాడు.

కుందన ఒక మూల కనబడ్డ దారపు కొస పట్టుకుని లాగింది. కంబళి విడలేదు సరికదా, ఇంకా బిగుసుకుని అంచు ముడతలు పడింది. అది అల్లిక మొదలైన కొస. అల్లిక ఎప్పుడూ ముగిసిన చోటినుంచే విడుతుంది. ఆ కొసను అల్లినవాళ్లు లోపలికి దాచేస్తారు. అది ఎక్కడుందో పాపం కుందనకు ఎలా తెలుస్తుంది?

చుక్కమ్మ కంబళి అందుకుంది. చూడకుండానే నీలం అంచు మీద వేలు పోనిచ్చి, ఒక చోట ఆగింది. సూదిమొనతో సన్నని కొసను బయటికి తీసింది. ఒకసారి కళ్లు మూసుకుని, లాగింది.

టుక్, టుక్, టుక్. వరసలు వరసలుగా ముడులు విడిపోతున్నాయి. ఆ చప్పుడుకు ఉయ్యాలలోని రాకుమారుడు ఏడుపు మాని బోసినోటితో నవ్వాడు.

"ఇప్పుడు ఎరుపు వస్తుంది. అందులో ఒకచోట రెండు ముళ్లు ఉంటాయి" అంది చుక్కమ్మ. "మా ఆయన ఆకలేస్తోందని కేకేస్తే తొందరలో ఒకటి వేయబోయి రెండు వేశాను."

రెండు ముళ్లు వచ్చాయి. మంత్రులు ముందుకు వంగారు.

"ఆకుపచ్చ వరసలో జానెడు నారింజ దాక్కుని ఉంటుంది. పచ్చ చాలలేదు."

జానెడు నారింజ బయటపడింది. రాజు సింహాసనం దిగి వచ్చి పక్కనే గొంతుక్కూచున్నాడు.

పసుపు వరస దగ్గర చుక్కమ్మ ఆగింది. "ఇక్కడ ముడులన్నీ వదులుగా ఉంటాయి మహారాజా. ఎవరికని అనుకోకుండా ఇది అల్లుతుంటేనే, మా గౌరాలు నెల తప్పిందని కబురొచ్చింది. సంతోషంతో చేతులు నిలవలేదు. సరిచేద్దామనుకున్నాను గాని, విప్పబుద్ధి కాలేదు."

ఆ వరస మొత్తం వదులుగానే ఉంది. చుక్కమ్మ కళ్లు తుడుచుకుని దాన్ని కూడా విప్పేసింది.

కుందన ఇక ఉండలేకపోయింది. "చాలు మామయ్యా. మహారాజా, ఇది నేను అల్లలేదు. మామయ్య చెప్పమన్నాడని చెప్పాను" అని రాజు కాళ్ల మీద పడింది. నేల మీద కంబళి ఉన్న చోట ఇప్పుడు మెలికలు తిరిగిన రంగురంగుల ఉన్ని కుప్పగా పడి ఉంది.

"చెప్పు చుక్కమ్మా, ఇతన్ని ఏం చేయమంటావు?" అన్నాడు రాజు.

"దండనలు తర్వాత చూసుకోండి మహారాజా, నాకు పొద్దు లేదు. దారం చిక్కుపడకుండా ఉండలు చుట్టేందుకు ఒక మనిషిని ఇప్పించండి చాలు."

రాజు పకపకా నవ్వాడు. "ఇదిగో మనిషి" అని వరహాలయ్యను చూపించాడు. "ఉండలు చుట్టడమే కాదు, నీ దగ్గర అల్లిక నేర్చుకుని తన చేత్తో ఒక కంబళి అల్లాలి. అది పూర్తయ్యేదాకా అతని కొట్టు తెరవకూడదు."

ఆ ఉన్నితోనే చుక్కమ్మ ఒక పక్కనుంచి, కుందన ఒక పక్కనుంచి రెండు బుల్లి కంబళ్లు అల్లారు. కుందన అల్లింది రాకుమారుడికి వెళ్లింది. చుక్కమ్మ అల్లింది బారసాల నాడు ఉయ్యాలలో పరిచారు. దాని మీద పడుకుని చుక్కమ్మ మనవరాలు పేరు పెట్టించుకుని, పేరు బాగుందన్నట్టు ఒక ఆవలింత తీసింది.

కొలువులో ఆసనం ఇస్తామని రాజు కబురు పెట్టాడు. "ఆ ఆసనంలో కాళ్లు చాపుకోవచ్చా?" అని చుక్కమ్మ అడిగి పంపింది. కుదరదన్నారు. "అయితే మా అరుగే నయం" అంది.

ఇక వరహాలయ్య సంగతి. మొదట్లో సణుక్కుంటూ అల్లేవాడు. దారం తెగేది, వరస వంకరపోయేది, చుక్కమ్మ విప్పించేది. విప్పినప్పుడల్లా తిట్టుకునేవాడు. ఉండగా ఉండగా తిట్టుకోవడం మరిచిపోయాడు. ఒకనాడు నారింజ పక్కన నీలం వేసి, తనలో తానే మురిసిపోయాడు. కంబళి పూర్తయి, కొట్టు తెరిచాక కూడా, మధ్యాహ్నమయ్యేసరికి సూది పట్టుకుని చుక్కమ్మ అరుగు మీదికి వచ్చి కూచునేవాడు.

ఆ వంకర టింకర కంబళిని ఆయన కొట్టు గుమ్మంలో వేలాడదీశాడు. ఒక రోజు పొరుగు రాజ్యపు వర్తకుడొకడు దాన్ని చూసి, "ముచ్చటగా ఉంది, ఏం ధర?" అని అడిగాడు.

వరహాలయ్య గబుక్కున లేచి కంబళిని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "అమ్మకానికి కాదు నాయనా" అన్నాడు.

ఆ మాట అన్నాక, అది ఎవరి మాటో గుర్తొచ్చి, చాలాసేపు నవ్వుకున్నాడు.

కాబట్టి పిల్లలూ, కాజేసింది చేతిలో ఉన్నంతవరకే మనదనిపిస్తుంది. ఇష్టంగా చేతులారా చేసుకున్నది విప్పేసినా మనదే.