ఆవగింజంత సందు

ఆచార్య కోరాడ జగన్నాథం గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు గణితంలో సందేహం అడిగితే కుర్చీలోంచి లేచి నల్లబల్ల దగ్గరికి నడిచేవారు. బతుకులో సందేహం అడిగితే, అప్పటిదాకా నిలబడి ఉన్నా సరే, వచ్చి కూర్చునేవారు. విశ్వవిద్యాలయంలో రేఖాగణితం చెప్పుకుంటూ తల నెరిసిన మనిషి. శిష్యులకి ఈ తేడా బాగా తెలుసు కాబట్టి, ఆయన లేస్తే పుస్తకం తెరిచేవారు, కూర్చుంటే మూసేవారు. ఆ మధ్యాహ్నం హిమజ అడిగిన ప్రశ్నకి ఆయన కూర్చున్నారు.

హిమజ ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ఆఖరి విద్యార్థిని. ఐదేళ్ల పని పూర్తయింది. సాయంత్రం ఐదింటికల్లా సిద్ధాంత గ్రంథం బైండింగుకి వెళ్లాలి. అన్ని పేజీలూ సిద్ధమే, ఒక్క కృతజ్ఞతల పేజీ తప్ప. అందులో అమ్మానాన్నలున్నారు, గురువుగారున్నారు, అడిగిన పుస్తకం ఏ మూలనున్నా దుమ్ము దులిపి తెచ్చిచ్చిన లైబ్రరీ వెంకాయమ్మ గారున్నారు, వేళ తప్పి వచ్చినా అన్నం మూతపెట్టి ఉంచిన హాస్టలు వంటమనిషి కూడా ఉంది. శరభయ్య గారి పేరు మాత్రం పొద్దుటి నుంచి రెండుసార్లు ఎక్కింది, రెండుసార్లు దిగింది.

శరభయ్య గారు వేరే ఊళ్లో ప్రొఫెసరు. కిందటేడు ఒక సదస్సులో హిమజ తన ఫలితం వివరిస్తుంటే మధ్యలో లేచి, "అమ్మాయ్, నీ రుజువులో నాలుగో మెట్టే లేదు. గాల్లో నడుస్తున్నావు" అన్నారు. హాల్లో ఉన్న నలభై మందీ గొల్లుమన్నారు. తప్పు నిజమే. దాన్ని సరిదిద్దడానికి ఏడాది పట్టింది, ఆ ఏడాదిలోనే చేతికందిన లెక్చరర్ ఉద్యోగం కాస్తా జారిపోయింది. సరిదిద్దాక సిద్ధాంతం మునుపటికంటే గట్టిగా నిలబడిందన్నదీ నిజమే. అయినా ఆ నవ్వులు గుర్తొస్తే ఆమెకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"సార్, తప్పు పట్టుకుని నలుగురిలో నవ్వులపాలు చేసిన మనిషికి కూడా కృతజ్ఞతలు చెప్పాలాండీ?" అని అడిగింది.

జగన్నాథం గారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ, తనకి జరిగిన సంగతి ఒకటి చెప్పారు. అప్పటికాయన ఇంకా ఆచార్యులు కారు, ఇరవై ఆరేళ్ల కుర్రవాడు. అంచేత ఈ సంగతి నడిచినంతసేపూ 'గారు' పక్కన పెడతాను. ఆయనేమీ అనుకోరు.

జగన్నాథం గ్రంథానికి గుండెకాయలాంటి ఫలితం ఒకటుంది. ఏ త్రిభుజం తీసుకున్నా, దాని మీద అతను చెప్పిన పద్ధతిలో మూడు వృత్తాలు గీస్తే, ఆ మూడూ ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. రుజువు పదకొండు పేజీలు. అతని గురువుగారు చూసి భుజం తట్టారు. పదిహేను రోజుల్లో అదే విభాగంలో లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. ఆలోగా గ్రంథం సమర్పిస్తే ఇక తిరుగులేదని అందరూ అనేశారు. జగన్నాథం ఒకడుగు ముందుకేసి, ఉద్యోగం వచ్చినట్టేనని ఇంటికి ఉత్తరం కూడా రాసిపడేశాడు.

ఆ రోజుల్లో గ్రంథంలోని బొమ్మల్ని కంప్యూటరు గీసేది కాదు. ఇంజనీరింగు కాలేజీ డ్రాయింగ్ హాల్లో పైడిరాజు అనే డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు. కంపాసు ములికికి తన చేత్తో తానే పదును పెట్టుకునేవాడు. గీసిన ఇంకు ఆరేదాకా పక్కవాళ్లని తుమ్మనిచ్చేవాడు కాదని చెప్పుకునేవారు. జగన్నాథం పెన్సిలుతో గీసిన చిత్తుబొమ్మ, కొలతలు అతనికిచ్చి వచ్చాడు. మూడోరోజు రమ్మని కబురొచ్చింది.

"మీ మూడు సర్కిళ్లూ ఒక్కసోట కలవట్లేదండి బాబూ" అన్నాడు పైడిరాజు.

జగన్నాథం వంగి చూశాడు. మూడు గీతలూ ఒకదాన్నొకటి దాటే చోట ఆవగింజంత సందు మిగిలింది. అతనికి నవ్వొచ్చింది. "అది పాళీ మందమండీ పైడిరాజు గారూ. పదకొండు పేజీల రుజువుంది నా దగ్గర. కాస్త లావుపాటి చుక్క పెట్టేయండి, మూసుకుపోతుంది" అన్నాడు. తన చిత్తుబొమ్మలన్నిట్లోనూ తాను చేసిన పని అదే. కలుస్తాయని ముందే నమ్మాడు కాబట్టి కలిసేటట్టే గీసేవాడు, ఎక్కడైనా కాస్త తేడా వస్తే మొద్దు పెన్సిలుతో ఒక చుక్క పొడిచేవాడు. రేఖాగణితం వాళ్లకి తప్ప మరొకరికి రాని జబ్బు ఇది.

"సుక్క ఎట్టమంటే ఎట్టెత్తాను. రేపోపాలి రండి" అని ఊరుకున్నాడు పైడిరాజు.

మర్నాడు వెళ్లేసరికి బల్ల నిండా పెద్ద కాగితం పరిచి ఉంది. అదే త్రిభుజం, అవే మూడు వృత్తాలు, అన్నీ నాలుగింతలు పెంచి గీశాడు. నిన్నటి ఆవగింజ ఇవాళ శనగగింజైంది.

"పాళీ మందమే అయితే బాబూ, బొమ్మ పెరిగినా సందు అంతే ఉండాల. ఇది బొమ్మతో పాటే పెరిగింది."

జగన్నాథం గదికి వచ్చి పదకొండు పేజీలూ ముందేసుకున్నాడు. ఆరో పేజీలో దొరికింది. ఏది రుజువు చెయ్యాలో దాన్నే, బొమ్మలో కళ్లారా కనబడుతోంది కదా అని, అక్కడ నిజమనుకుని ముందుకెళ్లిపోయాడు. ఒక పూట పైడిరాజుని తిట్టుకున్నాడు, ఒక పూట ఆ సందుని, మిగతా రోజులన్నీ తనని. బుద్ధిగా నోరు మూసుకుని ఓ లావుపాటి చుక్క పెట్టించేస్తే ఎవరు చూడొచ్చారన్న ఆలోచన కూడా వచ్చింది. కానీ ఒకసారి శనగగింజని చూసిన కంటికి ఆ చుక్క ఇక చుక్కలా కనబడలేదు. గ్రంథం సమర్పించడం మానుకున్నాడు. ఉద్యోగం వేరేవాళ్లకి వెళ్లింది. ఇంటికి రెండో ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ఆ తర్వాత రెండేళ్లు, కలవని వృత్తాల్ని కలపాలని తంటాలు పడ్డాడు. కుదరలేదు. చివరికి ఒకరోజు విసుగెత్తి, పోనీ ఆ సందే ఎంతుంటుందో చూద్దామని లెక్క వేశాడు. త్రిభుజం ఎంత అసమంగా ఉంటే సందు అంత పెరుగుతోంది. భుజాలు మూడూ సమానమైతే మాయమవుతోంది. బల్లపరుపు కాగితం వదిలి బంతిలాంటి తలం మీద, గుర్రపు జీనులాంటి తలం మీద గీస్తే, ఆ తలం ఎక్కడ ఎంత వంగిందో ఆ సందే చెబుతోంది. అంతే, ఇక వెనక్కి తిరిగి చూసుకోలేదు. అదే గ్రంథమైంది, అదే ఉద్యోగం తెచ్చింది. అరవై పైచిలుకు పరిశోధన పత్రాలు, పద్నాలుగు మంది శిష్యులు, దేశదేశాల్లో ఉపన్యాసాలు, అన్నీ ఆ శనగగింజలోంచి వచ్చినవే. ముప్పై ఎనిమిదేళ్లు అది పెట్టిన అన్నమే తిన్నారు ఆయన. ఇక మళ్లీ 'గారు' చేరుస్తాను.

"ఆ మనిషి ఆ కాగితం పరచకపోతే, అబద్ధపు సిద్ధాంతం ఒకటి మెడలో వేసుకుని తిరిగేవాణ్ణమ్మా. ఏ దేవుడు పంపాడో నా దగ్గరికి" అని చెప్పడం ఆపారు జగన్నాథం గారు. కళ్లజోడు తుడిచింది చాలక కళ్లు కూడా తుడుచుకున్నారు.

హిమజ మనసు కరిగింది, కానీ సమాధానపడలేదు. ఆయన దగ్గర ఐదేళ్లు చదువుకున్న పిల్ల. తర్కంలో బెజ్జం కనబడితే వదులుతుందా?

"మీ సంగతి వేరండీ. పైడిరాజు గారు మంచివారు. మీ మేలు కోరి, పిలిచి, మీ ఒక్కరికే చెప్పారు. శరభయ్య గారు నలభై మందిలో నన్ను చిన్నబుచ్చాలనే అన్నారు. ఇద్దరూ ఒకటెలా అవుతారు?"

జగన్నాథం గారు ఆశ్చర్యంగా చూశారు.

"పైడిరాజు మంచివాడని నేనన్నానా అమ్మా?"

"అంటే?"

"ఆ పెద్ద కాగితం నాకు చూపించి ఊరుకున్నాడనుకున్నావా? డ్రాయింగ్ హాలు గోడకి మేకు కొట్టి మరీ తగిలించాడు. 'డాక్టరు గారవబోయే బాబు సర్కిళ్లు' అని వచ్చేపోయే వాళ్లందరికీ చూపించాడు నెల్లాళ్లు. ఇంజనీరింగు పిల్లలు నాకు 'సందు జగన్నాథం' అని పేరు పెట్టారు. క్యాంటీన్లోకి అడుగుపెడితే చాలు, బల్లల మీంచి వినబడేది. టీ తాగడం మానేశాను. మీ గురుపత్ని వాళ్లన్నయ్య ఆ కాలేజీలోనే చదివాడు, పెళ్లిచూపుల్లో నన్ను చూసి ముందు అన్న మాట అదే."

హిమజ నవ్వాపుకోలేకపోయింది. ఆయన మాత్రం నవ్వలేదు. నలభై ఏళ్లు దాటినా ముక్కుపుటాలు అదురుతున్నాయి. అది చూసి ఆమెకి నవ్వు ఆగి, గురువుగారి మీద ఎన్నడూ లేనంత ఆపేక్ష కలిగింది.

"అయితే సార్, ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదాండీ?" అని మెల్లిగా అడిగింది.

"ఎక్కడ పోతుందమ్మా?" అన్నారు జగన్నాథం గారు, కళ్లజోడు పెట్టుకుంటూ. "రోజూ పొద్దున లేవగానే ముందు ఆ మనిషికి దణ్ణం పెట్టుకుంటాను. ఆ తరవాత తీరిగ్గా కోప్పడతాను."