లోడరుకు అవతలి వైపు

అద్దంకి దారిలో ఒక అడ్డరోడ్డు దగ్గర, రేకుల షెడ్డులో ట్రాక్టర్లు బాగుచేసే భూషణం అనే మెకానిక్కు ఉండేవాడు. చేతిలో ఎంత పనితనం ఉన్నా, తన పనిలో తప్పుందని ఎవరన్నా అంటే మాత్రం ఓర్చుకోలేకపోయేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. భూషణం నోరు మంచిది కాదు. పొద్దున షెడ్డు తలుపు తీసిన దగ్గర్నుంచి అతని కేకలు వినబడుతూనే ఉండేవి. బోల్టు జారితే బోల్టును తిట్టేవాడు. కుక్క అడ్డొస్తే కుక్కను తిట్టేవాడు. ఇక మనుషులు అడ్డొస్తే చెప్పనక్కర్లేదు.

ఒకప్పుడు ఆ షెడ్డులో ఇద్దరు పనిచేసేవాళ్లు. రెండోవాడు ఏసోబు. ట్రాక్టరు ముందు తగిలించే లోడరుకు, అంటే మట్టినీ పెంటనూ ఎత్తిపోసే ఆ పెద్ద బకెట్టుకు, ఆయిలు పైపులు బిగించాలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా వాళ్ల దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ పనికి వాళ్ల పద్ధతి ఒకటుండేది. పైపులు బిగించాక భూషణం సీటు మీద కూర్చుని లివరు లాగేవాడు. ఏసోబు కింద, అవతలి వైపున నిలబడి, బకెట్టు పైకి లేస్తుంటే పైపు ఎక్కడ బిగుసుకుంటోందో, ఎక్కడ ఇనుముకు ఒరుసుకుంటోందో చూసి చెప్పేవాడు. "ఎత్తన్నా... ఇంకా ఎత్తు... ఆపు!" సీటు మీద కూర్చున్నవాడికి ఆ చోటు కనబడదు. లోడరు చెయ్యే అడ్డం వస్తుంది. అందుకే కింద ఒక మనిషి ఉండి తీరాలి.

ఒకరోజు నలుగురు రైతుల ముందు ఏసోబు, "ఆపన్నా, పైపు పొట్టిదైంది" అన్నాడు. వాళ్లలో ఎవరో నవ్వారు. ఎందుకు నవ్వారో దేవుడికి తెలియాలి. భూషణానికి మాత్రం తల కొట్టేసినట్టయింది.

"నా పనికి వంకలు పెట్టేంత మొనగాడివయ్యావా? ఇక నీ దారి నువ్వు చూసుకో, ఫో!" అన్నాడు.

ఏసోబు చేతులు తుడుచుకుని బయటికి నడిచాడు. రోడ్డుకు అటుపక్క పంక్చర్ల కొట్టు పెట్టుకున్నాడు. తన సామానంతా తీసుకుపోయాడు గాని, ఒక పాత ట్రాక్టరు టైరు మాత్రం షెడ్డు ముందే ఉండిపోయింది. దాన్ని తీసుకుపొమ్మని చెప్పాలంటే మాట్లాడాలి. అందుకని భూషణం చెప్పలేదు. ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఆ టైరు అక్కడే పడి ఉంది.

అప్పట్నుంచి భూషణం మధ్యాహ్నం ఒక్కడే క్యారేజీ విప్పుకునేవాడు. ఇదివరకు ఏసోబు తెచ్చిన గోంగూర పచ్చడిలో సగం అతని గిన్నెలోకే వచ్చేది. ఇప్పుడు రోడ్డు అవతల ఏసోబు కూడా ఒక్కడే తింటూ కనబడేవాడు. ఇద్దరి మధ్యా లారీలు పోతుండేవి. ఇంటికి పోయినా భూషణానికి పలకరించేవాళ్లు లేరు. ముద్ద దిగేది కాదు. పిలుద్దామా అనిపించేది. "నేనెందుకు పిలవాలి?" అనుకుని చెయ్యి కడుక్కునేవాడు.

ఇలా ఉండగా తిరుపతమ్మ అనే రైతు ట్రాక్టరు తోలుకుంటూ వచ్చింది. పాత లోడరు ఒకటి కొనుక్కుంది. దానికి పైపులు లేవు.

"అన్నా, మబ్బు పట్టింది. వాన పడేలోపు పెంటంతా చేలోకి తోలుకోవాల. సాయంత్రానికి బిగించియ్యి, నీకు పుణ్యముంటది" అంది.

ట్రాక్టరును షెడ్డు ముందు, ఆ పాత టైరు పక్కనే ఆపించి భూషణం పనిలో దిగాడు. బకెట్టు లేచేకొద్దీ పైపు పొడవు ఎక్కువ కావాలి. దాన్ని ఎత్తి ఉంచి కొలవాలంటే ఇద్దరు ఉండాలి. అందుకని బకెట్టు నేల మీద ఉండగానే కొలత తీసి పైపులు కోశాడు. మూతులు బిగించాడు, ఆయిలు పోశాడు. ఇక ఎత్తి చూడటమే మిగిలింది.

"నేను అటుపక్క నిలబడి చూడనా అన్నా?" అని అడిగింది తిరుపతమ్మ.

"నువ్వు చూసి చెబితే నేను చెయ్యాలా? పోయి ఎక్కడన్నా నీడన కూర్చో!"

ఆమె మొహం చిన్నబోయింది. "మంచిదన్నా, నీకంతా తెలుసుగా" అని బజారు వైపు వెళ్లిపోయింది.

భూషణం ఇంజను వేసి లివరు లాగాడు. బకెట్టు పైకి లేచింది. బాగానే ఉంది. అవతలి వైపు ఎలా ఉందో మాత్రం కనబడలేదు. ఇంజను ఆపకుండానే దిగి అటు నడిచాడు. ఎత్తిన బకెట్టు కిందికి మనిషి దూరేముందు దానికి దుంగ ఆనించాలి. ఏసోబు ఉన్నప్పుడు ఒకరు దుంగ నిలబెడితే ఒకరు బకెట్టును దానిమీదికి దించేవాళ్లు. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. "ఒక్క నిమిషమేగా" అనుకుని భూషణం కిందికి వంగాడు.

పైపు పొట్టిదైంది. వింటినారిలా బిగుసుకుని ఉంది. అతను చూస్తుండగానే ఫట్టుమని మూతి ఊడింది. ఆయిలు చిమ్మింది, బకెట్టు కూలింది. భూషణం వెనక్కి దూకాడు గాని ఒక కాలు కిందే ఉండిపోయింది. బకెట్టు అంచు ఆ పాత టైరు మీద పడి ఆగింది. దాని పక్కనే అతని కాలు ఇరుక్కుపోయింది. టైరు లేకపోతే ఆ కాలు నుజ్జయ్యేది.

"ఎవరన్నా రండి! కాలు పోయింది! రండయ్యా!" అని అరిచాడు.

ఇంజను హోరులో మాటలు కలిసిపోయాయి. కేక ఒక్కటే రోడ్డు దాకా వెళ్లింది. ఆటోలో పోతున్న ఒకాయన తల తిప్పి, "భూషణం ఇయ్యాళ ఎవరినో గట్టిగానే తగులుకున్నాడే!" అని నవ్వాడు. గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయన గొర్రెల్ని ఇంకాస్త పక్కకు తోలుకున్నాడు. ఎవరూ ఆగలేదు.

భూషణం మళ్లీ అరిచాడు. పట్టపగలు, పదిమంది తిరిగే రోడ్డు పక్కన, అతను అడవిలో పడి ఉన్నట్టు పడి ఉన్నాడు. అప్పుడు అతనికి అర్థమైంది. ఇన్నాళ్లూ తిట్టి తిట్టి, తన కేక ఎవరికీ పట్టకుండా చేసుకున్నది తానే. ఏడుపొచ్చింది. నాలిక చివర ఒక పేరు మిగిలింది. ఆ పేరు పలికి ఎంత కాలమైందో!

"ఏసోబూ! ఒరే ఏసోబూ!"

రోడ్డు అవతల ఏసోబు ట్యూబు గీకుతున్నాడు. ఇందాకటి కేకలు అతనూ విన్నాడు, మామూలేగా అనుకున్నాడు. ఇప్పుడు మాత్రం ఆ హోరులోంచి తన పేరు వినబడింది. గొడవైన తర్వాత భూషణం తిట్టడానికైనా ఆ పేరు ఎత్తలేదు. ఏసోబు ట్యూబు పక్కన పడేసి రోడ్డు దాటాడు.

వచ్చి చూశాడు. ముందు ఇంజను ఆపాడు. పరుగున పోయి లారీ జాకీ తెచ్చి బకెట్టు కింద పెట్టి ఎత్తాడు. భూషణాన్ని చంకల కింద చేతులేసి ఇవతలికి లాగాడు.

"కదలబాకన్నా. ఎముక ఇరిగినట్టుంది."

"ఆ టైరు నీదేరా" అన్నాడు భూషణం వెక్కుతూ. "అది లేకపోతే..."

"నాదేనని తెలుసు. ఎన్నిసార్లో తీసుకుపోదామనుకున్నా. వస్తే తిడతావని రాలా."

భూషణం ఏసోబు చెయ్యి పట్టుకున్నాడు. ఆసుపత్రి చేరేదాకా వదల్లేదు.

ఆ సాయంత్రమే వాన పడింది. తిరుపతమ్మ పెంట చేలోకి చేరలేదు. కాలి కట్టు విప్పాక భూషణం కర్ర పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లి, "తప్పు నాదమ్మా" అని ఒప్పుకుని, ట్రాక్టరును మళ్లీ షెడ్డుకు తెప్పించాడు. ఈసారి లివరు దగ్గర ఏసోబు కూర్చున్నాడు. ఎక్కువసేపు నిలబడలేని భూషణం ఆ పాత టైరు మీద కూర్చుని, "అమ్మా, నువ్వు అటుపక్క నిలబడు. ఎక్కడన్నా బిగుసుకుంటే చెప్పు, ఆపుతాం" అన్నాడు.

షెడ్డులో మళ్లీ ఇద్దరున్నారు. అయినా ఇప్పటికీ అక్కణ్ణుంచి కేక వినబడితే రోడ్డున పోయేవాళ్లు ఆగరు. భూషణం అది చూసి తల దించుకుంటాడు. పోగొట్టుకున్నదంతా ఒక్కరోజులో తిరిగి రాదు.

ఎంతటి పనివాడికైనా తనకు కనబడని వైపు ఒకటి ఉంటుంది. ఆ వైపు నిలబడి తప్పు చెప్పేవాణ్ణి తరిమేసుకుంటే, ఆపదలో మన కేక మనకే వినబడుతుంది.